“ఏమన్నా, బాగుండావా?” అంది తెల్లమ్మాయి!

ముంబై శివార్లలో ఒక స్టూడియో. రెండో నంబర్ ఫ్లోర్. టైము ఉదయం తొమ్మిదిన్నర.

ఫ్లోర్లో పబ్ సెట్టు వేశారు. సీసాల నిండా రంగునీళ్లు, పైన గిరగిరా తిరిగే లైట్లు, కిందంతా పొగ! హిందీ సినిమాకి పాట తీస్తున్నారు. హీరోగారు ఇంకా రాలేదు. “లంచ్ అయ్యేదాకా రారు సార్, హాయిగా కూర్చోండి” అంటూ ప్రొడక్షన్ కుర్రాడు నా చేతికో టీ గ్లాసు ఇచ్చి మాయమయ్యాడు. నేను వచ్చిందేమో హీరోగారి ఇంటర్వ్యూ కోసం. మరి లంచ్ దాకా ఏం చెయ్యాలి?

సెట్లో ఓ మూల ప్లాస్టిక్ కుర్చీల్లో పద్నాలుగు మంది తెల్లవాళ్లు కూర్చుని ఉన్నారు. అందరూ పాతికేళ్ల లోపువాళ్లే. హీరో గంతులు వేస్తుంటే వెనకాల చేతులూపే ‘ఫారిన్ జనం’ వీళ్లన్నమాట! ముందురోజు సాయంత్రం కొలాబాలో తిరుగుతుంటే ఒక కోఆర్డినేటర్ ఎదురుపడి, “సినిమాలో కనిపిస్తారా?” అని అడిగాడట. పొద్దున్నే వ్యానెక్కించి తీసుకొచ్చాడు. ముంబై సినిమాలో ఇది కొత్త సంగతేం కాదు. తాజ్ హోటల్ వెనక వీధుల్లో, 1871 నాటి లియోపోల్డ్ కేఫ్ చుట్టుపక్కల, చవక హోటళ్ల మెట్ల మీద ఇలా ‘ఫారిన్ జనాన్ని’ ఏరుకోవడం ఏళ్ల తరబడి సాగుతున్న వ్యవహారం.

నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని, చివరి కుర్చీలో ఉన్న అమ్మాయికి “గుడ్ మార్నింగ్” చెప్పాను. ఆ అమ్మాయి నా చేతిలోని తెలుగు పత్రిక వంక చూసింది. కళ్లు పెద్దవి చేసింది.

“ఏమన్నా, బాగుండావా?” అంది.

నా చేతిలో టీ ఒలికింది. అచ్చమైన అనంతపురం యాస! రాజమండ్రి వాణ్ణి, నాకే రాదు ఆ యాస!

అక్కయ్య వేసిన ప్రశ్న

ఇది 2024 డిసెంబరు నాటి మాట. ఆ అమ్మాయి పక్కన కుర్చీ లాక్కుని కూర్చోవడానికి నాకో సొంత కారణం కూడా ఉంది.

మా మేనల్లుడు బి.టెక్. పాసయ్యాడు. ఉద్యోగంలో చేరకుండా, ఎం.ఎస్.కి వెళ్లకుండా, ఒక్క ఏడాది ఆస్ట్రేలియా వెళ్లొస్తానని కూర్చున్నాడు. ఆ దేశం 2024లో మనవాళ్లకి కొత్తగా ఒక వీసా తెరిచింది. 18 నుంచి 30 ఏళ్ల వయసువాళ్లు ఏడాదిపాటు తిరగొచ్చు, ఖర్చులకి అక్కడే పని చేసుకోవచ్చు. ఏటా వెయ్యి మందికి మాత్రమే. ఎవరికి దక్కుతుందో లాటరీ తేలుస్తుంది. మావాడు కూడా పేరు వేశాడు. “తోటల్లో పళ్లు కోస్తా మావయ్యా, హోటల్లో ప్లేట్లు కడుగుతా, దేశం చూస్తా!” అంటాడు.

మా అక్కయ్య గుండెలు బాదుకుంది. “ఇంట్లో తిన్న కంచం తియ్యడు. అక్కడికెళ్లి ప్లేట్లు కడుగుతాడట! సంవత్సరం వృథా కాదురా?”

ఆవిడ బాధా నిజమే. మన ఇళ్లల్లో ఏడాది ఆగడం అంటే ఒకటే అర్థం, లాంగ్ టర్మ్ కోచింగ్! ర్యాంకు రాని పిల్లణ్ణి మళ్లీ ఏడాదిపాటు హాస్టల్లో కూర్చోబెట్టడానికి మనకి అభ్యంతరం లేదు. ఊళ్లు తిరిగొస్తానంటే మాత్రం గుండె ఆగిపోతుంది!

పడమటి దేశాల్లో దీన్నే ‘గ్యాప్ ఇయర్’ అంటారు. స్కూలు చదువు అయిపోయి కాలేజీలో చేరేలోపు ఒక ఏడాది. ఇంగ్లండులో 1958లో వి.ఎస్.ఓ. అనే సంస్థ మొదలైనప్పుడు, పై దేశాలకి సేవ చెయ్యడానికి మొదట పంపింది పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లనే. తరవాత అదొక ఆనవాయితీ అయింది. రాకుమారుడు విలియం కూడా 2000లో చిలీ వెళ్లి, అందరితోపాటు పనిచేసి వచ్చాడు. ఇజ్రాయిల్ పిల్లలైతే మిలిటరీ సర్వీసు ముగించి మన గోవాకీ, హిమాచల్‌కీ వస్తారు.

నేను ముంబై బయల్దేరుతుంటే అక్కయ్య ఫోను చేసింది. “ఒరేయ్ తమ్ముడూ, ఆ ఊళ్లో తెల్లపిల్లలు తిరుగుతుంటారు కదా! వాళ్లమ్మలు వాళ్లని ఎలా పంపారో కాస్త కనుక్కో” అంది.

అదీ సంగతి. పాత్రికేయుడికి హీరోగారి ఇంటర్వ్యూ ఎంత ముఖ్యమో, తమ్ముడికి అక్కయ్య ప్రశ్న అంత ముఖ్యం!

థాంక్యూ అంటే కోపం వచ్చింది!

అమ్మాయిది స్పెయిన్. బార్సిలోనా దగ్గర చిన్న ఊరు. పంతొమ్మిదేళ్లు. పేరు రాయొద్దంది, రాయను. 2024 మార్చిలో వచ్చి అనంతపురం జిల్లాలో ఒక పల్లెలో, హాస్టలున్న బడిలో, తొమ్మిది నెలలు పిల్లలకి ఇంగ్లీషు చెప్పిందట.

“అనంతపురం ఎలా తెలుసు?” అన్నాను ఆశ్చర్యంగా.

“మా దేశంలో చాలామందికి తెలుసు. మీకే తెలీదు!” అని నవ్వింది.

నిజమే సుమండీ! 1952లో ఇండియా వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ అనే స్పానిష్ ఆయన 1969లో అనంతపురంలో గ్రామీణాభివృద్ధి సంస్థ పెట్టి, 2009లో కన్నుమూసే దాకా అక్కడే ఉండిపోయాడు. ఆయన పుణ్యమా అని స్పెయిన్‌లో ఎన్నో కుటుంబాలు ఆ జిల్లా పిల్లల చదువుకి డబ్బు పంపుతాయి. బెజవాడ ఎక్కడుందో తెలియని స్పానిష్‌వాడికి అనంతపురం తెలుసు!

“మొదటి రోజులు ఎలా గడిచాయి?”

“అంతా బొమ్మలాట లాగా ఉండేది” అంది ఇంగ్లీషూ తెలుగూ కలిపి. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, రాగిసంగటి ఏం పెట్టినా ఫోటో తీసి ఇంటికి పంపేదట. చేత్తో తినడం వారంలో వచ్చేసింది. చెంబు పెదవులకి తగలకుండా నీళ్లు తాగడానికి మాత్రం నెల పట్టింది, అప్పటిదాకా రోజూ చొక్కా తడిసిపోయేదట!

“కష్టమైంది అదేం కాదన్నా. ప్రశ్నలు! బస్సెక్కితే చాలు... పెళ్లయిందా? నాయన ఏం చేస్తాడు? జీతమెంత? అన్నదమ్ములెందరు? మా ఊళ్లో పక్కింటావిడ ఇరవై ఏళ్లయినా ఇవి అడగదు. కోపం వచ్చేది. తలుపేసుకుని కూర్చునేదాన్ని. తలుపేస్తే ఇంకా ఎక్కువమంది వచ్చేవాళ్లు, ఒంట్లో బాగాలేదేమోనని!”

నేను పకపకా నవ్వాను. తనూ నవ్వింది. తరవాత చెప్పిన మాటకి మాత్రం నవ్వలేదు.

బడిలో వంట చేసే పెద్దామెని పిల్లలంతా ‘వంటక్క’ అంటారు. ఈ అమ్మాయి కంచంలో అన్నం పెట్టినప్పుడల్లా “థాంక్యూ” అనేది. నీళ్లిస్తే థాంక్యూ, చట్నీ వేస్తే థాంక్యూ. చిన్నప్పటినుంచీ ఇంట్లో నేర్పిన మర్యాద అది. ఓ రోజు వంటక్క గరిటె కింద పెట్టేసింది. “ఏం పాపా, అన్నం పెట్టినందుకు కూడా థాంక్సా? నేనేమన్నా బయటిదాన్నా?” అంది. కళ్లల్లో నీళ్లు!

“ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్యాద అనుకుని రోజూ ఆమెని దూరం పెడుతున్నానని అర్థమైంది. మరి థాంక్యూ అనకుండా ఎలా చెప్పాలి? మర్నాడు కంచం పట్టుకుని, ‘అక్కా, ఇంకొంచెం పెట్టు’ అన్నాను. ఆ నవ్వు చూడాలి నువ్వు!”

ఇంటర్వెల్ ఎక్కడ పడుతుంది?

పరాయి దేశం వెళ్లినవాడి అవస్థకి ‘కల్చర్ షాక్’ అని పేరుంది. దాన్ని అందరి నోళ్లలోకీ తెచ్చింది కలెర్వో ఒబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త. 1960లో అచ్చయిన వ్యాసంలో ఆయన ఈ వ్యవహారాన్ని దశలుగా విడగొట్టాడు. మన భాషలో చెప్పాలంటే సినిమా స్క్రీన్‌ప్లేనే! మొదట డ్యూయట్లు: కనిపించిందల్లా అందమే. తరవాత ఇంటర్వెల్ దెబ్బ: కనిపించిందల్లా చిరాకే. ఆ తరవాత మెల్లగా కోలుకోవడం. చివర్లో శుభం కార్డు: ఆ ఊరి పద్ధతి కూడా ఒక పద్ధతేనని ఒప్పుకోవడం. ఎవరికి ఎప్పుడు చెయ్యి చాపాలి, ఎప్పుడు నవ్వాలి, ఎప్పుడు వద్దనాలి... ఇలా ఆలోచించకుండా చేసే చిన్న చిన్న పనులన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోవడమే అసలు దెబ్బ అని ఆయన అభిప్రాయం.

ఇంకో పెద్దమనిషి ఉన్నాడు, నార్వేకి చెందిన లిస్‌గార్డ్. 1955లో ఆయన ప్రకటించిన పరిశోధన మరీ విచిత్రం. అమెరికా వెళ్లొచ్చిన సుమారు 200 మంది నార్వేవాళ్లని అడిగి చూశాడు. ఆరు నెలల లోపు ఉండి వచ్చేసినవాళ్లు బాగానే ఉన్నారు. పద్దెనిమిది నెలలు దాటి ఉన్నవాళ్లూ బాగానే ఉన్నారు. మధ్యలో ఉన్నవాళ్లే ఎక్కువ అవస్థపడ్డారు! గ్యాప్ ఇయర్ అంటే పన్నెండు నెలలు. లెక్క వేసుకోండి. ఈ పిల్లలు సరిగ్గా గోతిలో ఉండగానే తిరుగు విమానం ఎక్కాల్సి వస్తుంది!

ఈ అమ్మాయికి ఇంటర్వెల్ మే నెలలో పడింది. అనంతపురం ఎండలు చెప్పక్కర్లేదు కదా! వేసవి సెలవులకి పిల్లలంతా ఇళ్లకి పోయారు. బడి ఖాళీ. కరెంటు పోతే ఫ్యాను లేదు. “అంతకుముందు పిల్లలు ఒక్క నిమిషం వదలడం లేదని విసుక్కున్నదాన్ని, ఒక్కళ్లు పలకరిస్తే బాగుండునని ఏడ్చాను” అంది.

“మరి వెళ్లిపోలేదేం?”

“అది తరవాత చెప్తా. షాట్‌కి పిలుస్తున్నారు!” అని లేచింది.

రూథర్‌ఫర్డ్ నుంచి జెన్నీ దాకా

తను మేకప్‌కి వెళ్లిన సమయంలో మన సినిమాల్లో తెల్లవాళ్ల సంగతి ఓసారి నెమరేసుకున్నాను. 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’లో రూథర్‌ఫర్డ్ ఎవరు? మన జగ్గయ్యగారు! ఆ దర్జా, ఆ కంచుకంఠం చూసి ఆయన దొర కాదని ఎవరైనా అన్నారా? అప్పట్లో దొరలు కావాలంటే మనవాళ్లకే మేకప్ వేసేవాళ్లు. 2001లో ‘లగాన్’ నాటికి ఇంగ్లండు నుంచి రేచల్ షెల్లీ లాంటి వాళ్లు వచ్చారు. 2006లో ‘రంగ్ దే బసంతీ’లో ఆలిస్ ప్యాటన్ హిందీ మాట్లాడి మెప్పించింది. 2010లో తమిళంలో అడుగుపెట్టిన ఎమీ జాక్సన్ 2014లో ‘ఎవడు’తో మనకీ వచ్చింది. 2022లో ‘ఆర్.ఆర్.ఆర్.’లో జెన్నీగా ఒలీవియా మోరిస్‌ని మన జనం నెత్తిన పెట్టుకున్నారు.

అయితే నాకు గుర్తొచ్చేది టామ్ ఆల్టర్. 1950లో ముస్సోరీలో పుట్టాడు. పూనా ఫిలిం ఇన్‌స్టిట్యూట్‌లో చదివాడు. ఆయన ఉర్దూ వింటే లక్నోవాళ్లు కూడా తలొంచాల్సిందే. 2008లో పద్మశ్రీ ఇచ్చారు. అయినా 2017లో పోయేదాకా ఎక్కువగా వచ్చినవి తెల్లదొర వేషాలే! ఇక్కడే పుట్టినవాడి గతే అది అయితే, తొమ్మిది నెలల కిందట వచ్చిన పిల్లని సినిమా ఏమని చూస్తుంది?

జవాబు పది నిమిషాల్లో కళ్లముందే దొరికింది.

“ఫారినర్‌కి చున్నీ ఏంటి?”

కాస్ట్యూమ్ గది దగ్గర గొడవ! మన అమ్మాయి చేతిలో జానెడు గౌను. మెరుపులు కుట్టిన ఎర్ర గౌను. తను వేసుకొచ్చింది కాటన్ చుడీదారు.

“దీని మీద వేసుకోడానికి చున్నీ కావాలి” అంటోంది.

కోఆర్డినేటర్ నవ్వాడు. కాస్ట్యూమ్ అసిస్టెంటు నవ్వాడు. సిగ్గు విడిచి చెప్తున్నాను, నేనూ నవ్వాను. “ఫారినర్‌కి చున్నీ ఏంటి మేడమ్? మీ ఊళ్లో ఇవే కదా వేసుకుంటారు?”

“మా ఊళ్లో సముద్రం దగ్గర ఇంకా చిన్నవి వేసుకుంటాను. నాకేం సిగ్గు లేదు” అంది తను. “కానీ ఈ సినిమాని మా పిల్లలు చూస్తారు.”

అప్పుడు తెలిసింది అసలు సంగతి. బడి పిల్లలకి సినిమా అంటే ప్రాణం. “అక్కా, నువ్వు మహేష్‌బాబుని చూసినావా?” అని రోజూ అడిగేవాళ్లట. వచ్చేసేటప్పుడు, “ఎప్పుడన్నా సినిమాలో కనపడతా, చూడండి” అని మాటిచ్చింది. ముంబైలో కోఆర్డినేటర్ ఎదురయ్యేసరికి డబ్బుల కోసం కాకుండా ఆ మాట కోసం వ్యానెక్కింది. ఇప్పుడు ఆ ఎర్రగౌనులో, పొగలో, హీరో భుజం మీద చెయ్యేసి ఊగుతుంటే పిల్లలు చూడాలా? వంటక్క చూడాలా?

నవ్వు నా గొంతులోనే ఆగిపోయింది. ‘పాటలో తెల్లభామల తళుకులు’ అని ఈ చేత్తోనే ఎన్నిసార్లు రాశానో! ఆ తళుకుల్లో ఒకరికి అనంతపురంలో చెల్లెళ్లూ తమ్ముళ్లూ ఉంటారని ఒక్కసారైనా తోచిందా?

పక్కనే ఉన్న మాంచెస్టర్ కుర్రాడికి ఈ బాధలేం లేవు. ఇచ్చిన నల్లకోటు తొడుక్కుని ఈల వేస్తున్నాడు. “టూరిస్టు వీసా మీద డబ్బులు తీసుకుని పని చెయ్యకూడదు, తెలుసా?” అన్నాను. “ఒక్కరోజే కదా!” అని భుజాలెగరేశాడు. పట్టుబడితే చిక్కు తనకేనన్న సంగతి ఎవరూ అతనికి చెప్పలేదు. మా మేనల్లుడు అడిగే వీసాలో పనికి అనుమతి ఉంది, ఇందులో లేదు. పరాయి దేశంలో మొదట నేర్చుకోవలసిన పాఠం అదే కదా!

చివరికి గొడవ తీర్చింది ఒక గ్రూప్ డాన్సరు. మరాఠీ మనిషి, నలభై దాటి ఉంటాయి. హాండ్‌బ్యాగ్‌లోంచి తన సొంత శాలువా తీసి, మాటా పలుకూ లేకుండా అమ్మాయి భుజాల చుట్టూ కప్పింది. అసిస్టెంట్ డైరెక్టరుతో హిందీలో ఏదో గట్టిగా చెప్పింది. ఆయన తల గోక్కుని అమ్మాయిని మూడో వరస బల్ల దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాడు. “చెప్పిన దాంట్లో సగమే ఇస్తా” అన్నాడు కోఆర్డినేటర్.

“సరే” అంది. డాన్సరు వైపు తిరిగింది. ఇప్పుడు “థాంక్యూ” అంటుందనుకున్నాను. అనలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని, “దీదీ, చాయ్ తాగుదామా?” అంది.

వాళ్లమ్మ చెప్పిన మాట

హీరోగారు మూడింటికి వచ్చారు. నాతో పన్నెండు నిమిషాలు మాట్లాడారు. ఆ ఇంటర్వ్యూ వేరే రాస్తాను. సాయంత్రం పేకప్ చెప్పాక స్టూడియో గేటు దగ్గర అమ్మాయి మళ్లీ కనిపించింది. మొహం మీద మేకప్ ఇంకా పూర్తిగా పోలేదు.

“కెమెరాలో పడ్డావా?”

“మసగ్గా పడి ఉంటా. పిల్లలకి ఫోను చేసి చెప్తాలే, మూడో బల్ల దగ్గర శాలువా కప్పుకుని మసగ్గా ఉండేది నేనేనని. వాళ్లు గుర్తుపడతారు.”

అక్కయ్య ప్రశ్న అప్పుడు అడిగాను. మీ అమ్మ ఎలా పంపింది?

“పంపలేదు. నేనే వచ్చేశా” అంది. “ఆరు నెలలు పోట్లాడింది. ఇండియాలో ఎవరున్నారు నీకు, జబ్బు చేస్తే ఎవరు చూస్తారు, ఒక సంవత్సరం చదువు పోతుంది... ఎయిర్‌పోర్టులో నన్ను వాటేసుకుని ఒకటే ఏడుపు. వచ్చాక కూడా ప్రతి ఆదివారం ఫోన్లో ‘వచ్చెయ్’ అనేది.”

“తరవాత?”

“చెప్పాగా, మే నెలలో నేనే ఫోన్ చేసి ఏడ్చాను. ‘అమ్మా, వచ్చేస్తున్నా, టికెట్ తియ్యి’ అన్నా. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, ‘టికెట్ ఎప్పుడంటే అప్పుడు తీస్తా. పిల్లలు తిరిగొచ్చాక ఒక్క వారం చూడు. అప్పటికీ రావాలనిపిస్తే వచ్చెయ్’ అంది. వద్దన్న మనిషే ఉండమంది, అన్నా!”

జూన్‌లో బడి తెరిచారు. మొదటిరోజే ఒక చిన్నపిల్ల తువ్వాల్లో మూటగట్టి రెండు మామిడిపళ్లు తెచ్చిందట. “అక్కా, నీకని దాచిపెట్టినా” అందట. అప్పటికే ఒకటి సగం మెత్తబడిపోయింది. అదే ముందు తినేసిందట.

“వచ్చే నెల ఇంటికి పోతున్నా. ఇప్పుడు భయం అదే” అంది. “మా ఊళ్లో బస్సెక్కితే ఎవ్వరూ ఏమీ అడగరు.”

వ్యాను హారన్ కొట్టింది. “పోయొస్తా” అంటూ పరుగెత్తింది. ‘పోతా’ అనకూడదని కూడా ఎవరో నేర్పారు!

ఆ రాత్రి లాడ్జి నుంచి అక్కయ్యకి ఫోన్ చేసి, విన్నది విన్నట్టు చెప్పాను. థాంక్యూ సంగతికి నవ్వింది. గౌను సంగతికి “అయ్యో పిచ్చితల్లీ” అంది. టికెట్ సంగతి చెప్పాక అటువైపు చప్పుడు లేదు. లైను కట్టయిందనుకున్నాను.

“అక్కా, ఉన్నావా?”

“ఉన్నాన్రా. వాళ్లమ్మ గట్టిమనిషి” అంది. మళ్లీ కాసేపు మౌనం. “ఆ లాటరీ ఎప్పుడు తేలుతుందిట?”

“తెలీదు. రావచ్చు, రాకపోవచ్చు. వెయ్యి మందికే కదా!”

“వస్తే రానీ. రేపట్నుంచి వాడికి అన్నం వార్చడం నేర్పుతా. ముందు తిన్న కంచం కడగమను వెధవని” అని ఫోన్ పెట్టేసింది.